ద్వారకానగర్ ల్యాబ్‌కి పాత సిస్కో 1941: కన్సోల్ కేబుల్ దగ్గర్నుంచి నెట్ వచ్చేదాకా

డాల్ఫిన్‌నోస్

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లో మూడో అంతస్తులో ఉన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి నెట్‌వర్క్ సర్దాలి. గోడకి ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్ తీగని మామూలు నెట్‌వర్క్ తీగకి కలిపే పెట్టె) ఉంది, 200 ఎంబీపీఎస్ ప్లాను. 22 డెస్క్‌టాపులు, సెట్టింగులేవీ లేని 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి ఉన్నాయి. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో సిస్కో 1941 రౌటర్ వచ్చింది. దాంతో పవర్ కార్డు తప్ప ఇంకేమీ రాలేదు.

వెనకున్న పోర్టుల్లో ఏది దేనికి? బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే ఏమీ తెరుచుకోవట్లేదు, లోపలికి వెళ్ళేదెలా? పాతవాళ్ళ పాస్‌వర్డ్ అందులో ఉండిపోతే ఏం చెయ్యాలి? ల్యాబ్ మొత్తం దీని మీదే నడపొచ్చా?

కన్సోల్_కేబుల్

ముందు బ్రౌజర్ సంగతి వదిలెయ్యండి. ఇంట్లో వాడే వై-ఫై రౌటర్‌కి కంపెనీ వాళ్ళే అడ్రసు, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి అడ్రసులు తనే పంచే ఏర్పాటు) పెట్టి పంపుతారు కాబట్టి తీగ తగిలించగానే పేజీ వస్తుంది. సెట్టింగులు తుడిచేసిన 1941లో ఏ పోర్టుకీ అడ్రసు ఉండదు, పైగా పోర్టులన్నీ మూసి ఉంటాయి. దాంతో మొదటిసారి మాట్లాడాలంటే కన్సోల్ (తీగతో నేరుగా ఆదేశాలు కొట్టే పోర్టు) ఒక్కటే దారి.

పోర్టులు ఇవీ. జీఈ 0/0, జీఈ 0/1 అని రాసి ఉన్నవి రెండూ గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు. లేత నీలం రంగుది కన్సోల్. దాని పక్కన అచ్చం అలాగే కనిపించేది ఆక్స్, పాతకాలపు మోడెమ్ కోసం. ఆ రెంటినీ తారుమారు చేసి, స్క్రీన్ నల్లగా ఉందని రౌటర్ చచ్చిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. చిన్న యూఎస్‌బీ రంధ్రం (మినీ-బీ రకం) కూడా కన్సోలే. అందులో కేబుల్ పెట్టి వాడుతుంటే నీలం కన్సోల్ పనిచెయ్యదు, రెండూ ఒకేసారి తగిలించకండి. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టే గూళ్ళు రెండుంటాయి. ఐఓఎస్ (రౌటర్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) ఫైలు సీఎఫ్0లో ఉన్న కార్డు మీద ఉంటుంది, దాన్ని ఊరికే పీకొద్దు. వెడల్పాటి గూళ్ళు రెండూ ఈహెచ్‌విక్ అనే అదనపు కార్డులకి. కరెంటు ఆపకుండా ఆ కార్డులు పెట్టడం, తియ్యడం చెయ్యకూడదు.

కొనాల్సినవి: యూఎస్‌బీ నుంచి ఆర్‌జే45 కన్సోల్ కేబుల్ ఒకటి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది అడిగి తీసుకోండి. పాత ప్రొలిఫిక్ చిప్పులకీ వాటి నకళ్ళకీ విండోస్ 10, 11లో డ్రైవర్ కుదరక, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 10 చూపిస్తుంది. ఉన్న నెట్‌వర్క్ కేబుల్‌తోనే కన్సోల్ పని అవదు. కన్సోల్‌ది రోలోవర్ తీగ: ఒక చివర 1వ పిన్ను రెండో చివర 8కి, 2వది 7కి, అలా పూర్తిగా తిరగేసి ఉంటుంది.

పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకోండి. వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ ఏదీ వద్దు. ఆ చివరిది పుట్టీలో మొదట ఎక్సాన్-ఎక్సాఫ్ అని ఉంటుంది, చేత్తో మార్చాలి. కామ్ నంబరు (కేబుల్‌కి విండోస్ ఇచ్చిన పోర్టు సంఖ్య) డివైస్ మేనేజర్‌లో చూసి వెయ్యండి.

యారాడ_దీపం

పైదానికి ఇంకో మాట కలుపుతున్నాను. స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు. పాతవాళ్ళు కన్సోల్ వేగం మార్చి ఉంటే 115200, 38400, 19200 వరసగా వేసి చూడండి. అక్షరాలు చక్కగా కనిపిస్తూ మీరు కొట్టేది మాత్రం ఎక్కకపోతే ఫ్లో కంట్రోల్ దగ్గరే తప్పుంది, లేదా కేబుల్‌లో పంపే తీగ తెగింది. ఏమీ రాకపోతే కామ్ నంబరు, ఆక్స్ పోర్టు, ఆ రెండూ ముందు చూడండి.

లినక్స్‌లో అయితే స్క్రీన్ అనే ఆదేశం చాలు. "అనుమతి లేదు" అంటే మీ యూజర్‌ని డయలౌట్ గుంపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ రండి.

డాల్ఫిన్‌నోస్

కేబుల్ దొరికింది, అక్షరాలు వస్తున్నాయి. చివర్లో ఏదో ఆఫీసు పేరుతో ప్రాంప్ట్ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతోంది.

కన్సోల్_కేబుల్

అంటే పాత కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఎన్‌వీర్యామ్ అనే, కరెంటు పోయినా చెరగని మెమరీలో ఇంకా ఉంది. రౌటర్ లేచే వరస తెలిస్తే దాన్ని ఎక్కడ తప్పించాలో తెలుస్తుంది. కరెంటు రాగానే తన భాగాల్ని తానే పరీక్షించుకుంటుంది, తర్వాత రామ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది, అది ఫ్లాష్‌లోంచి ఐఓఎస్‌ని తెచ్చి మెమరీలో విప్పుతుంది (ఆ సమయంలోనే స్క్రీన్ నిండా హాష్ గుర్తులు పడతాయి), చివరగా ఎన్‌వీర్యామ్‌లోని స్టార్టప్-కాన్ఫిగ్‌ని చదువుతుంది. పాస్‌వర్డ్ ఉండేది ఆ చివరి మెట్టులోనే. రామ్‌మాన్ దగ్గర ఆపి, "ఆ చివరి మెట్టు ఈసారి వద్దు" అని చెప్పాలి.

ఇక్కడ ఆదేశాల్ని తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, కీబోర్డు మీద మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

రౌటర్ స్విచ్ ఆపి వెయ్యండి. మొదటి 60 సెకన్లలోపు పుట్టీ కిటికీ పైపట్టీ మీద కుడి క్లిక్ చేసి, స్పెషల్ కమాండ్‌లో బ్రేక్ పంపండి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో బ్రేక్ కీ లేదు కాబట్టి ఈ దారే నయం. రామ్‌మాన్ ప్రాంప్ట్ వచ్చాక:

కాన్‌ఫ్రెగ్ 0ఎక్స్2142
రీసెట్

లేచాక "ఇనిషియల్ కాన్ఫిగరేషన్ డైలాగ్ కావాలా" అని అడుగుతుంది, నో అనండి. ఎనేబుల్ కొట్టి లోపలికి వెళ్ళండి, పాస్‌వర్డ్ అడగదు. మీకు పాతవాళ్ళ కాన్ఫిగ్‌తో పని లేదు కాబట్టి:

ఎరేజ్ స్టార్టప్-కాన్ఫిగ్
కాన్ఫిగర్ టెర్మినల్
కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102
ఎండ్
రీలోడ్

సేవ్ చెయ్యనా అని అడిగితే నో. చివర 2102 వెయ్యడం మర్చిపోతే తర్వాత మీరు ఎంత సేవ్ చేసినా, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ ఖాళీగా లేస్తుంది. సేవ్ అయింది నిజమే, కానీ 2142 ఉన్నంతసేపూ దాన్ని చదవదు. షో వెర్షన్ కొడితే ఆఖరి వరుసలో ఏ సంఖ్య ఉందో కనిపిస్తుంది.

కంచరపాలెం_క్రింపర్

బ్రేక్ పట్టుబడకపోతే ఇంకో దారి: కరెంటు ఆపి, సీఎఫ్0 కార్డు తీసి, స్విచ్ వెయ్యండి. ఐఓఎస్ దొరక్క తనే రామ్‌మాన్‌లో ఆగుతుంది. 2142 వేశాక కార్డు మళ్ళీ పెట్టి రీసెట్.

పాత కాన్ఫిగ్ కావాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. తుడవకుండా స్టార్టప్‌ని రన్నింగ్‌లోకి కాపీ చేసుకున్నారనుకోండి, అడ్రసులన్నీ వస్తాయి కానీ పోర్టులు మూసే ఉంటాయి. ఒక్కో ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళి నో షట్‌డౌన్ కొట్టాలి.

రుషికొండ_రూట్

"ల్యాబ్ మొత్తం దీని మీదే నడపొచ్చా" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నా జవాబు: నేర్పడానికి బంగారం లాంటి పెట్టె, 200 ఎంబీపీఎస్ మోయడానికి కాదు.

1941కి సిస్కో సూచించిన వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) వేగం, సేవలన్నీ పెట్టుకుని, 25 ఎంబీపీఎస్. ఉత్త నాట్ (లోపలి అడ్రసుల్ని బయటి ఒక్క అడ్రసుగా మార్చే పని) ఒక్కటే పెడితే దానికంటే ఎక్కువే లాగుతుంది, కానీ 200 పూర్తిగా వస్తుందని చెప్పలేం. పోర్టు మీద గిగాబిట్ అని ఉంటే రౌటర్ గిగాబిట్ అని కాదు. పోర్టు వేగం తీగది. ప్రతి ప్యాకెట్‌నీ విప్పి, అడ్రసు మార్చి పంపే పని ప్రాసెసర్‌ది. 22 మంది ఒకేసారి వీడియో పాఠం పెట్టినప్పుడు షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్ కొట్టి చూడండి, 90 శాతం దాటి నిలబడితే మీ సమస్య ఫైబర్‌ది కాదు.

ఇంకొకటి. ఈ వరుసకి సిస్కో మద్దతు 2022తో ముగిసింది. భద్రతా లోపం బయటపడితే సరిచేసే కొత్త ఐఓఎస్ రాదు. అలాంటి పెట్టెని నేరుగా ఇంటర్నెట్ గుమ్మంలో నిలబెట్టడం మంచిది కాదు.

గుమ్మంలో మైక్రోటిక్ హెక్స్ (ఆర్‌బీ750జీఆర్3) లాంటి చిన్న రౌటర్ పెట్టండి. అయిదు గిగాబిట్ పోర్టులు, రెండు కోర్ల 880 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. 200 ఎంబీపీఎస్ నాట్ దానికి లెక్క కాదు. 1941ని దాని వెనక, అభ్యాసానికి వేరే నెట్‌వర్క్‌లో పెట్టండి. పిల్లలు ఏ ఆదేశం కొట్టినా ఆఫీసు నెట్ ఆగదు.

కంచరపాలెం_క్రింపర్

రుషికొండ గారితో సగం ఒప్పుకుంటాను. మద్దతు సంగతి నిజం. కానీ ఓఎన్‌టీని రౌటర్ మోడ్‌లోనే ఉంచి దాని వెనక 1941 పెడితే గుమ్మంలో ఉండేది ఓఎన్‌టీ కదా. హెక్స్ వచ్చేదాకా వారం పది రోజులు అలా నడపడంలో ప్రమాదం లేదు, చెయ్యి కూడా తిరుగుతుంది.

రుషికొండ_రూట్

అలా అయితే సరే. రెండు నాట్‌లు పడతాయి, బ్రౌజింగ్‌కీ క్లాసులకీ ఇబ్బంది ఉండదు. బయటనుంచి సీసీటీవీ చూడాలంటే మాత్రం పోర్ట్ ఫార్వర్డింగ్ రెండుచోట్లా చెయ్యాలి. ముందు ఓఎన్‌టీ పేజీలో వ్యాన్ అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే నెట్ ఇచ్చే సంస్థ దగ్గర ఇంకో నాట్ ఉందని అర్థం. అప్పుడు మీ వైపు ఎన్ని ఫార్వర్డింగులు పెట్టినా పనికిరావు, పబ్లిక్ అడ్రసు అడిగి తీసుకోవాల్సిందే.

డాల్ఫిన్‌నోస్

అలాగే చేద్దాం. హెక్స్‌కి ఆర్డరు పెడుతున్నాం, ఈలోగా ఓఎన్‌టీ వెనక 1941. ఓఎన్‌టీ అడ్రసు 192.168.1.1. ఇప్పుడు రౌటర్ ఖాళీగా, రౌటర్ అనే ప్రాంప్ట్‌తో ఉంది.

కన్సోల్_కేబుల్

తీగలు: ఓఎన్‌టీ ల్యాన్ 1 నుంచి జీఈ 0/0కి. జీఈ 0/1 నుంచి స్విచ్‌లో ఏదో ఒక పోర్టుకి. ఓఎన్‌టీ నుంచి స్విచ్‌కి నేరుగా ఉన్న పాత తీగ తప్పనిసరిగా పీకెయ్యండి. అది ఉండిపోతే కంప్యూటర్లు రౌటర్‌ని దాటుకుని ఓఎన్‌టీ దగ్గర అడ్రసు తెచ్చుకుంటాయి, మీరు పెట్టినవేవీ పనిచెయ్యట్లేదని తల పట్టుకుంటారు.

లోపలి నెట్‌వర్క్‌కి 192.168.1 వాడొద్దు, అది ఓఎన్‌టీది. రెండువైపులా ఒకటే పెడితే ఐఓఎస్ "ఓవర్‌ల్యాప్స్" అని ఒప్పుకోదు. 192.168.10 తీసుకోండి.

ఎనేబుల్
కాన్ఫిగర్ టెర్మినల్
హోస్ట్‌నేమ్ ల్యాబ్
నో ఐపీ డొమైన్-లుకప్
ఎనేబుల్ సీక్రెట్ (మీ పాస్‌వర్డ్)

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/0
ఐపీ అడ్రస్ డీహెచ్‌సీపీ
ఐపీ నాట్ ఔట్‌సైడ్
నో షట్‌డౌన్

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1
ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0
ఐపీ నాట్ ఇన్‌సైడ్
నో షట్‌డౌన్
ఎగ్జిట్

ఇక్కడ ఆగండి. మిగతావి వెయ్యకముందే ఎండ్ కొట్టి, షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ చూడండి. రెండు పోర్టులకీ అప్, అప్ అని ఉండాలి, 0/0కి 192.168.1తో మొదలయ్యే అడ్రసు వచ్చి ఉండాలి. "అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్" అంటే నో షట్‌డౌన్ మర్చిపోయారు. డౌన్, డౌన్ అంటే తీగ, లేదా అవతలి పెట్టెకి కరెంటు లేదు. తర్వాత రౌటర్ మీదనుంచే పింగ్ 8.8.8.8 (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే ఆదేశం) కొట్టండి. అయిదు ఆశ్చర్యార్థకాలు రావాలి. మొదటిది చుక్క వచ్చి నాలుగు వచ్చినా పర్లేదు, అవతలి మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ పోర్టుకి తయారీలోనే ఇచ్చిన సంఖ్య) వెతుక్కునేసరికి మొదటి ప్యాకెట్ గడువు దాటిపోతుంది. డిఫాల్ట్ రూట్ విడిగా వెయ్యక్కర్లేదు, డీహెచ్‌సీపీతో అదే వస్తుంది.

నో ఐపీ డొమైన్-లుకప్ ఎందుకంటే, ఆదేశంలో ఒక్క అక్షరం తప్పు కొట్టినా రౌటర్ దాన్ని ఏదో మెషీన్ పేరనుకుని వెతుక్కుంటూ ప్రాంప్ట్ ఇవ్వకుండా కూర్చుంటుంది. ఇప్పటికే అలా ఇరుక్కుంటే కంట్రోల్, షిఫ్ట్, 6 మూడూ కలిపి నొక్కండి.

డాల్ఫిన్‌నోస్

రెండూ అప్, అప్. పింగ్‌లో నాలుగు వచ్చాయి.

కన్సోల్_కేబుల్

బాగుంది. ఇప్పుడు కంప్యూటర్లకి అడ్రసులు, నాట్. మళ్ళీ కాన్ఫిగర్ టెర్మినల్ కొట్టి:

ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్ 192.168.10.1 192.168.10.30
ఐపీ డీహెచ్‌సీపీ పూల్ ల్యాబ్
నెట్‌వర్క్ 192.168.10.0 255.255.255.0
డిఫాల్ట్-రౌటర్ 192.168.10.1
డీఎన్‌ఎస్-సర్వర్ 1.1.1.1 8.8.8.8
లీజ్ 0 8
ఎగ్జిట్

యాక్సెస్-లిస్ట్ 1 పర్మిట్ 192.168.10.0 0.0.0.255
ఐపీ నాట్ ఇన్‌సైడ్ సోర్స్ లిస్ట్ 1 ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/0 ఓవర్‌లోడ్
ఎండ్
కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్

మొదటి 30 అడ్రసులు ప్రింటర్, యాక్సెస్ పాయింట్, కెమెరా రికార్డర్ లాంటి వాటికి చేత్తో ఇవ్వడానికి. లీజ్ 0 8 అంటే సున్నా రోజులు, 8 గంటలు. బ్యాచ్‌లు మారే చోట ఫోన్లు వచ్చిపోతుంటాయి కాబట్టి ఒక రోజు లీజు కంటే ఇది మేలు. ఆఖరి వరుస లేకపోతే ఇదంతా మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోతే అంతా పోతుంది.

డాల్ఫిన్‌నోస్

కంప్యూటర్లకి 192.168.10.31 నుంచి అడ్రసులు వస్తున్నాయి. 192.168.10.1కి పింగ్ వెళ్తోంది. రౌటర్ నుంచి 8.8.8.8కీ వెళ్తోంది. కంప్యూటర్ నుంచి 8.8.8.8కి మాత్రం వెళ్ళట్లేదు. రెండుసార్లు సరిచూశాం.

యారాడ_దీపం

రౌటర్‌కి వెళ్ళి, కంప్యూటర్‌కి వెళ్ళకపోతే నూటికి తొంభై సార్లు నాట్. షో యాక్సెస్-లిస్ట్స్ కొట్టి, వచ్చింది ఇక్కడ పెట్టండి.

డాల్ఫిన్‌నోస్

పర్మిట్ 0.0.0.0, వైల్డ్‌కార్డ్ బిట్స్ 255.255.255.0 అని ఉంది.

యారాడ_దీపం

అదే. యాక్సెస్-లిస్ట్‌లో 0.0.0.255 బదులు అలవాటుగా 255.255.255.0 కొట్టేశారు. ఇంటర్‌ఫేస్‌లో రాసేది మాస్క్, అక్కడ 255 అంటే "ఈ భాగం నెట్‌వర్క్‌ది". యాక్సెస్-లిస్ట్‌లో రాసేది వైల్డ్‌కార్డ్, అర్థం తిరగబడుతుంది: 0 అంటే సరిపోలాలి, 255 అంటే ఏదైనా పర్లేదు. మీరు కొట్టినదాని అర్థం "మొదటి మూడు అంకెలు ఏవైనా సరే, చివరిది సున్నా అయితేనే పంపు". చివర సున్నా ఉన్న కంప్యూటర్ మీ ల్యాబ్‌లో ఉండదు కాబట్టి ఎవరికీ నాట్ జరగట్లేదు. ఐఓఎస్ కూడా తప్పని చెప్పదు, ఎందుకంటే వ్యాకరణం సరిగ్గానే ఉంది.

నో యాక్సెస్-లిస్ట్ 1 కొట్టి, సరైన వరుస మళ్ళీ వెయ్యండి. ఒక కంప్యూటర్ నుంచి పింగ్ నడుస్తుండగా షో ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్స్ చూస్తే లోపలి అడ్రసు, బయటి అడ్రసు జంటలుగా కనిపించాలి. ఆ పట్టిక ఖాళీగా ఉంటే ఇన్‌సైడ్, ఔట్‌సైడ్ పోర్టులు తారుమారయ్యాయేమో చూడండి.

డాల్ఫిన్‌నోస్

వచ్చేసింది! అన్నిట్లో నెట్ తెరుచుకుంటోంది. చాలా చాలా థాంక్స్ అండి. ఇంకో రెండు విషయాలు. కిటికీ వైపు ఉన్న నాలుగు కంప్యూటర్లకి అడ్రసు 192.168.0 తో వస్తోంది, వాటికి నెట్ లేదు. ఇంకో మూడు కంప్యూటర్లు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతున్నాయి.

సీతకొండ

192.168.0 అంటే మీ తీగల మీద ఇంకో డీహెచ్‌సీపీ ఉంది. వై-ఫై కోసం ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టుని మీ స్విచ్‌కి తగిలించి ఉంటారు. కంప్యూటర్ "అడ్రసు ఎవరిస్తారు" అని అరిస్తే ముందు పలికినవాళ్ళది తీసుకుంటుంది, అందుకే కొన్నిటికే ఈ బాధ. ఆ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరో చూడండి, ఆ అడ్రసే దొంగ.

దాన్ని యాక్సెస్ పాయింట్‌గా వాడుకోవచ్చు. దాని పేజీలో డీహెచ్‌సీపీ ఆపి, ల్యాన్ అడ్రసు 192.168.10.2 చేసి, ల్యాన్ పోర్టులోంచే స్విచ్‌కి కలపండి. వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలెయ్యండి. తర్వాత ఆ నాలుగు కంప్యూటర్లలో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, /రెన్యూ.

అడ్రసు 169.254తో వస్తే మాత్రం అర్థం వేరు: ఏ డీహెచ్‌సీపీ పలకలేదు. తీగ, స్విచ్ పోర్టు, లేదా పూల్ నిండిపోవడం.

కంచరపాలెం_క్రింపర్

100 దగ్గర ఆగడం నా శాఖ. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, పిన్నులు 1, 2, 3, 6. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా రెండు చివర్లూ మాట్లాడుకుని 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, వేగం పరీక్షలో 94 దాటదు. ఎవరూ తీగని అనుమానించరు.

రెండు చివర్లూ కత్తిరించి కొత్త కనెక్టర్లు వెయ్యండి. టీ568బీ వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొక్కెం కిందకి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి ఇలా ఉండాలి. ఎక్కువమంది చేసే తప్పు 4, 5 దగ్గర: ఆకుపచ్చ జతని పక్కపక్కనే పెట్టేస్తారు. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత కూర్చోవాలి. జతల మెలిక 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పొద్దు. బయటి తొడుగు కనెక్టర్ లోపలికి వెళ్ళి, బిగించాక నొక్కు దాని మీద పడాలి. తొడుగు బయటే ఉండిపోతే తీగని రెండుసార్లు లాగేసరికి వదులైపోతుంది.

బజారులో చవగ్గా దొరికే పెట్టెల్లో చాలావాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. బ్లేడుతో తీగని గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. వంచితే విరుగుతుంది, నిరోధం ఎక్కువ, పీఓఈ కెమెరాలకి (నెట్‌వర్క్ తీగలోంచే కరెంటు తీసుకునేవి) దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ చాలదు. గీకినా ఎర్రగానే ఉండే క్యాట్6 తీసుకోండి. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా ఒక్కో తీగ మొత్తం 100 మీటర్లు దాటకూడదు.

గోస్తని

రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య క్రాస్‌ఓవర్ కేబుల్ వాడాలని పుస్తకాల్లో ఉంది. ఆ మూడింటికీ అది వేసి చూడండి.

కంచరపాలెం_క్రింపర్

ఆ నియమం పాత 10, 100 పోర్టులది, గోస్తని గారూ. గిగాబిట్ పోర్టులు పంపే జత ఏది, తీసుకునే జత ఏది అని తామే సర్దుకుంటాయి. పైగా ఈ కంప్యూటర్లు స్విచ్‌కి కలిశాయి, స్విచ్‌కీ కంప్యూటర్‌కీ ఎప్పుడూ నేరు తీగే. రెండు జతలే తిప్పి చేసిన పాతరకం క్రాస్‌ఓవర్ పెడితే ఇంకో గందరగోళం మొదలవుతుంది.

యారాడ_దీపం

విశాఖలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. సముద్రపు గాలి ఆర్‌జే45 పిన్నుల్ని తినేస్తుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఏసీ లేని గదుల్లో పల్చటి బంగారు పూత ఉన్న చవక కనెక్టర్ల మీద పచ్చటి చిలుము కడుతుంది, లింకు నిమిషానికోసారి పడి లేస్తుంటుంది. షో ఇంటర్‌ఫేసెస్‌లో సీఆర్‌సీ (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) లెక్క పెరుగుతూ పోతుంటే అదే జాడ. 50 మైక్రో అంగుళాల పూత ఉన్న కనెక్టర్లు తీసుకోండి. ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. శుభ్రం చెయ్యాలంటే కరెంటు ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. 1941లో ఫ్యాన్లున్నాయి, ఆ ఉప్పు తేమని దుమ్ముతో కలిపి లోపలికి లాగుతాయి. ఆర్నెల్లకోసారి పక్క జాలీలు తుడవాలి.

పిడుగుల సంగతి. పక్క భవనంలోకి మేడ మీదుగా రాగి తీగ లాగకండి. ఒక్క మెరుపుకి ఆ తీగ వెంట స్విచ్, రౌటర్ రెండూ పోతాయి. రెండు భవనాల మధ్య ఫైబర్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టండి. గాజు కరెంటుని మోయదు.

రుషికొండ_రూట్

కరెంటు విషయంలో హెక్స్‌కి ఒక సౌకర్యం ఉంది. దానికి 8 నుంచి 30 వోల్టుల డీసీ ఏదైనా సరిపోతుంది, 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద ఓఎన్‌టీతో పాటు అదీ నడుస్తుంది. ముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు, నడిమి పిన్ను ధనమా ఋణమా అన్నది చదవండి. పిన్ను దూరింది కదా అని పెట్టేస్తే పెట్టె కాలిపోతుంది.

హెక్స్ మొదటిసారి: ఈథర్1కి ఓఎన్‌టీ, ఈథర్2కి స్విచ్. విన్‌బాక్స్ (మైక్రోటిక్ వాళ్ళ సెట్టింగుల ప్రోగ్రాం) తెరిస్తే నైబర్స్‌లో మ్యాక్ అడ్రసుతో కనిపిస్తుంది, ఐపీ లేకున్నా లోపలికి వెళ్ళొచ్చు. దాని సొంత అడ్రసు 192.168.88.1. యూజర్ అడ్మిన్, కొత్తవాటికి పాస్‌వర్డ్ పెట్టె మీది స్టిక్కర్ మీద ఉంటుంది, పాతవాటికి ఖాళీ. వెళ్ళగానే పాస్‌వర్డ్ మార్చి, సాఫ్ట్‌వేర్ తాజా చెయ్యండి. డీఫాల్ట్ కాన్ఫిగ్‌ని తీసెయ్యనా అని అడిగితే తీసెయ్యొద్దు, ఫైర్‌వాల్ అంతా అందులోనే ఉంది.

డాల్ఫిన్‌నోస్

తర్వాత ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చెయ్యకుండా నెట్‌ని దాటించే పద్ధతిలో) పెట్టించి పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్ కలిపే పద్ధతి) హెక్స్‌లోనే వేస్తే?

రుషికొండ_రూట్

అదే మంచిది, ఒక నాట్ తగ్గుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నెట్ ఇచ్చే సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే బ్రిడ్జ్‌కి మార్చమనండి. వ్లాన్ (ఒకే తీగలో వేరుచేసిన నెట్‌వర్క్) నంబరు ఉందా అని కూడా అడగండి, అది తప్పితే పీపీపీఓఈ ఎంతసేపూ "కనెక్టింగ్" దగ్గరే ఉంటుంది. కొన్నిచోట్ల కనెక్షన్‌ని పాత పెట్టె మ్యాక్ అడ్రసుకి కట్టేస్తారు, దాన్ని విడిపించమని చెప్పాలి.

పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌కీ 8 బైట్లు తగిలిస్తుంది, అంచేత ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 నుంచి 1492 అవుతుంది. మైక్రోటిక్ దీన్ని తనే సర్దుకుంటుంది. సిస్కోలో అయితే డయలర్ ఇంటర్‌ఫేస్‌లో ఐపీ ఎంటీయూ 1492, లోపలి పోర్టులో ఐపీ టీసీపీ అడ్జస్ట్-ఎంఎస్‌ఎస్ 1452 చేత్తో రాయాలి. రాయకపోతే పింగ్ వెళ్తుంది, కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, మరికొన్ని సగం వచ్చి ఆగిపోతాయి. డీఎన్‌ఎస్ (సైటు పేరుని అడ్రసుగా మార్చేది) తప్పనుకుని దాన్ని మారుస్తూ కూర్చుంటారు.

ఫైబర్ తీగని చేత్తో పట్టుకునేటప్పుడు: ఆకుపచ్చ కనెక్టర్ ముఖాన్ని ముట్టుకోవద్దు, చివరలోకి కంటితో చూడొద్దు, టైతో బిగించి మడవొద్దు. లాస్ లైటు ఎర్రగా మెరుస్తుంటే వెలుగు రావట్లేదు, రౌటర్‌లో ఏం చేసినా లాభం లేదు. ఓఎన్‌టీ పేజీలో అందుకునే పవర్ మైనస్ 27 డీబీఎంకి దగ్గరగా ఉంటే వానాకాలంలో తెగుతూ ఉంటుంది, ఇప్పుడే కంప్లయింట్ ఇవ్వండి.

సీతకొండ

1941ని పిల్లలకి వదిలేముందు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి రహస్యంగా లాగిన్ అయ్యే దారి) పెట్టండి, అంతా తెరిచి పంపే టెల్నెట్ వద్దు. ఐపీ డొమైన్-నేమ్ ఏదో ఒకటి ఇచ్చి, క్రిప్టో కీ జనరేట్ ఆర్‌ఎస్‌ఏ మాడ్యులస్ 2048, ఐపీ ఎస్‌ఎస్‌హెచ్ వెర్షన్ 2. యూజర్‌నేమ్‌కి పాస్‌వర్డ్ బదులు సీక్రెట్ వాడండి. లైన్ వీటీవై 0 4లో లాగిన్ లోకల్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్‌ఎస్‌హెచ్. సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్ మీద భరోసా పెట్టుకోకండి, ఆ 7వ రకం రాతని ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పగలరు. అది పక్కనున్నవాళ్ళ కంట పడకుండా దాచడానికే.

కొత్త లినక్స్ నుంచి ఈ పాత ఐఓఎస్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కొడితే "మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ లేదు" అని తిప్పి పంపుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, అంటే 2021 నుంచి, పాత ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ సంతకాన్ని డీఫాల్ట్‌గా ఆపేశారు. ఆ ఒక్క రౌటర్ కోసం మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో హోస్ట్‌కీఅల్గారిథమ్స్ వరుసలో ప్లస్ గుర్తుతో దాన్ని చేర్చండి. అన్ని మెషీన్లకీ కలిపి చేర్చొద్దు.

డాల్ఫిన్‌నోస్

ఇంటి రౌటర్ బయటపడింది, రిసెప్షన్ బల్ల కింద ఉంది. డీహెచ్‌సీపీ ఆపి 10.2 చేశాం, నాలుగింటికీ నెట్ వచ్చింది. మూడు కేబుళ్ళలో రెండింటికి కొత్త కనెక్టర్లు వేశాక 1000 చూపిస్తున్నాయి. మూడోది రెండు చివర్లూ మార్చినా 100 దగ్గరే ఉంది.

కంచరపాలెం_క్రింపర్

ఆ కేబుల్‌ని స్విచ్‌లో ఇంకో పోర్టుకి మార్చి చూడండి. అప్పుడూ 100 అయితే, పనిచేస్తున్న పక్క కంప్యూటర్‌కి ఇదే కేబుల్ తగిలించండి. అక్కడ 1000 వస్తే తప్పు మొదటి కంప్యూటర్ కార్డుది. దాని అడాప్టర్ సెట్టింగుల్లో స్పీడ్-డ్యూప్లెక్స్ ఎవరో 100 ఫుల్ అని కట్టేశారేమో చూసి ఆటోకి మార్చండి. అక్కడా 100 అయితే తీగ మధ్యలో ఎక్కడో విరిగింది, కిటికీ ఫ్రేము దగ్గర మడత పడే చోట చూడండి. అతుకు వెయ్యొద్దు, ఆ తీగ మొత్తం తీసి కొత్తది లాగండి.